తోటమాలి రఫెత్ క్షేమమే

మా ఆయన తిహొమిర్ పోయిన రోజు సాయంత్రమే ఆయన అక్క స్తామెనా వచ్చి మా టీవీ మీద తెల్ల దుప్పటి కప్పింది. నలభయ్యో రోజు ప్రార్థన అయ్యేదాకా ముట్టుకోవద్దంది. చావు జరిగిన ఇంట్లో టీవీ మోగిందంటే పిరోత్ ఊరు ఊరంతా చెప్పుకుంటుంది, ఆ మాట నాకూ తెలుసు. అద్దాల మీద కూడా కప్పింది గానీ వాటి సంగతి నాకు పట్టలేదు. ఈ వయసులో నా మొహం నేను చూసుకోకపోతే కొంపేం మునగదు. టీవీ మీద కప్పినప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. ఆ రోజు మొత్తానికి నాకు తెలిసింది ఆ మంట ఒక్కటే. మిగతాదంతా పక్కింట్లో ఎవరికో జరుగుతున్నట్టుంది.

"ఏడవవేమే జాగోర్కా?" అంది స్తామెనా.

"వస్తే ఏడవనా వదినా? రావట్లేదు."

"నలుగురూ ఏమనుకుంటారే?"

"నువ్వు ఏడుస్తున్నావుగా. ఇద్దరికీ సరిపోతుందిలే."

ఆవిడ మొహం మాడ్చుకుని వంటింట్లోకి పోయింది. నేను దుప్పటి కప్పిన టీవీకేసి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నా మనసులో ఉన్నది తిహొమిర్ కాదు. పైకి చెబితే చెప్పుతో కొడతారు గానీ, నేను ఆలోచిస్తున్నది ఒక టర్కీ తోటమాలి గురించి.

మేమిద్దరం రోజూ సాయంత్రం 'నిమ్మతోట' అనే టర్కీ సీరియల్ చూసేవాళ్ళం. వాళ్ళు టర్కీ భాషలో మాట్లాడుతుంటే కింద మా భాషలో అక్షరాలు పడతాయి. తిహొమిర్ నీష్ రూట్లో బస్సు నడిపి రిటైరైన మనిషి. కళ్ళజోడు పెట్టుకోవయ్యా అంటే "నేనేమైనా గుమాస్తానా?" అనేవాడు. అందుకని ఆ అక్షరాలన్నీ నేనే పైకి చదివేదాన్ని. ప్రేమికుడి మాటలూ నేనే, ప్రేయసి ఏడుపూ నేనే, అత్తగారి తిట్లూ నేనే. తిట్లు బాగా చదువుతావని మెచ్చుకునేవాడు.

ఆ సీరియల్లో రఫెత్ అని ఒక ముసలి తోటమాలి ఉన్నాడు. పెలిన్ అనే అమ్మానాన్నల్లేని పిల్లని పెంచాడు. నిమ్మచెట్లతో మాట్లాడతాడు, యజమానురాలితో పోట్లాడతాడు. తిహొమిర్‌కి మిగతావాళ్ళ ప్రేమలూ ఆస్తి తగాదాలూ అక్కర్లేదు. "అంత పెద్ద బంగళాలో పని చేసేవాడు వీడొక్కడే. మిగతావాళ్ళంతా కిటికీల్లోంచి చూడ్డానికే ఉన్నారు" అనేవాడు. రఫెత్ కనిపించని రోజు ఎపిసోడ్ దండగ అని తేల్చేసేవాడు.

మేం చూసిన ఆఖరి ఎపిసోడ్లో ఆ రఫెత్ గుండె పట్టుకుని చెట్ల మధ్య కుప్పకూలాడు. పెలిన్ పరిగెత్తుకొస్తుంటే ఆపేశారు.

"అయిపోయింది ముసలాడి పని" అన్నాను.

"ఏమీ కాదు. రేపు లేచి కూర్చుని సూప్ ఏదని అడుగుతాడు, చూడు."

"చస్తాడయ్యా. మొహం చూడలేదా?"

"నీ నోరు పడ! బతుకుతాడు. పందెం."

"ఏం పందెం?"

బాల్కనీలో బస్తాడు ఎర్ర బుంగమిరపకాయలు ఉన్నాయి, అయ్వార్ పచ్చడి పెట్టడానికి ఆయనే తెచ్చాడు. కాల్చడం అంటే ఆయనకి సరదా. తొక్కలు ఒలవడం అంటే మా ఇద్దరికీ ఒళ్ళుమంట. ఓడినవాళ్ళు బస్తా మొత్తం ఒంటరిగా ఒలవాలి అన్నాడు. సరే అన్నాను. మర్నాడు పొద్దున్న రొట్టె కొనుక్కొస్తానని వెళ్ళాడు, తెచ్చాడు. గుమ్మంలో స్టూలు మీద కూర్చుని బూట్లు విప్పుకోడానికి వంగాడు. ఇక లేవలేదు. ఒక బూటు విప్పనే లేదు.

ఆ సాయంత్రం ఎపిసోడ్ వచ్చే వేళకి మా ఇంట్లో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, టీవీ మీద దుప్పటి ఉంది. నాకు కావలసింది ఒక్కటే. ఆ ముసలాడు బతకాలి. జీవితంలో ప్రతిదానికీ ఆయన మాటకి అడ్డం చెప్పినదాన్ని, ఈ ఆఖరి మాట ఆయనదే నెగ్గాలి.

అంత్యక్రియలైన మర్నాడు పొద్దున్న పై అంతస్తు ల్యూబింకా కాఫీ గిన్నె పట్టుకుని దిగింది. ల్యూబింకా జుట్టు కత్తిరించే పని చేస్తుంది, నాకంటే పదేళ్ళు చిన్న, నోట్లో నువ్వుగింజ నానదు. ఎన్నో ఏళ్ళుగా మా పొద్దుటి కాఫీ అంటే నిన్నటి ఎపిసోడ్ మీద తీర్పు చెప్పుకోవడమే. ఎవరిది మంచి నటన, ఎవరు పెదవులు ఉబ్బించుకున్నారు, ఏది చూడాలి, ఏది చూడనక్కర్లేదు, అన్నీ అక్కడే తేలిపోయేవి. ఆ రోజు మాత్రం నల్లబట్టల్లో వచ్చి, కప్పు నా ముందు పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"రఫెత్ ఎలా ఉన్నాడు?" అన్నాను.

"ఎవరు?"

"ఎవరేంటే, తోటమాలి. మొన్న పడ్డాడుగా. బతికాడా, పోయాడా?"

ల్యూబింకా నా మొహంకేసి చూసింది. కాఫీ ఒక గుక్క తాగింది. "బతికాడక్కా" అంది.

"సూప్ అడిగాడా?"

"అడిగాడు. చల్లగా ఉందని నర్సుని తిట్టాడు కూడా."

"అయితే నేనే ఒలవాలి" అన్నాను.

ఆమె వెళ్ళాక బస్తా కిందికి ఈడ్చుకెళ్ళి పెరట్లో రేకుపొయ్యి వెలిగించాను. బిల్డింగు ఆడవాళ్ళు సాయానికొస్తే కసిరి పంపేశాను. పందెం పందెమే. కాల్చిన మిరపకాయల్ని కుండలో మూతపెట్టి మగ్గనిచ్చి, ఒక్కొక్కటీ ఒలిచాను. వేళ్ళు కాలుతున్నాయని ల్యూబింకా పైనుంచి అరిస్తే గానీ తెలియలేదు. చూస్తే నిజంగానే బొబ్బలెక్కాయి. నొప్పి ఎక్కడో దూరంగా ఉంది, వస్తే రానీ అనుకున్నాను. తొక్కలు తొందరగా ఊడతాయని కొళాయి కింద పట్టి కడుగుతూ కూర్చున్నాను.

మర్నాటి కాఫీకి ల్యూబింకా చెప్పిన ఎపిసోడ్ వింతగా ఉంది.

"రఫెత్‌ని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించారక్కా. వచ్చేసరికి యజమానురాలు మిరపకాయలు ఒలుస్తోంది. నీళ్ళల్లో కడిగి ఒలుస్తోంది! వీడు మంచం మీంచి లేచొచ్చి ఎంత గొడవ చేశాడని! 'నీళ్ళు తగిలితే ఇంకేం మిగులుతుందే దానికి, గడ్డి తిన్నట్టుంటుంది, తుండుతో తుడవాలి' అన్నాడు."

"యజమానురాలు మిరపకాయలు ఒలవడమేంటే? ఆవిడకి గోళ్ళరంగు వెయ్యడానికే ఒక మనిషి ఉందిగా?"

"అదేనక్కా. ఇప్పుడు మారిపోయింది. దివాళా తీశారు."

"ఎప్పుడు?"

"నిన్ననే" అంది.

ఇదంతా ఎవరి మాటో ఎక్కడో విన్నట్టు అనిపించింది. కానీ ఆ రోజుల్లో ఏదీ నా తలకెక్కేది కాదు. కాఫీ పొంగితే పొంగుతూ చూసేదాన్ని. గుమ్మం పక్క గోడకి అంటించిన చావు కబురు కాగితంలో తిహొమిర్ ఫొటో ఉండేది, దాటుకుంటూ పోతూ 'టై వంకరగా ఉంది' అనుకునేదాన్ని. అంతే. ఆ మధ్యాహ్నం మిగిలిన మిరపకాయల్ని మాత్రం తుండుతో తుడిచే ఒలిచాను.

పరామర్శకి వచ్చేవాళ్ళకి చావింట్లో ఏం మాట్లాడాలో తెలియదు, దుప్పటి కప్పిన టీవీ ఎదురుగా ఉంటుంది, అందరి మాటా అక్కడికే పోయేది. నలభై రోజులయ్యాక ఏం చూడాలో నాకు సలహాలు ఇచ్చేవాళ్ళు. అందరికీ ఒకటే లెక్క, ఎవరూ చావకూడదు.

"ఆ పోలీసు సీరియల్ జోలికి పోకు, వారానికో శవం" అని ఒకావిడ.

"డాక్టర్లది అస్సలొద్దు" అని ఇంకొకావిడ. "ఆ వంటల పోటీ చూడు. ఏడిస్తే ఉల్లిపాయలకే ఏడుస్తారు."

కింది ఇంటి స్వెతిస్లావ్ మాస్టారు టర్కీ సీరియళ్ళ పేరెత్తితేనే మండిపడే మనిషి. ఆయన కూడా వచ్చి, రాకియా సారా గ్లాసులోంచి తిహొమిర్ పేరున ఒక చుక్క నేల మీద వంపి, గొంతు సవరించుకున్నాడు. "మనవాళ్ళదే ఒక కామెడీ వస్తోందమ్మా, పంచాయితీ ఆఫీసు మీద. చాలా తెలివైన రచన. అందులో ఎవరూ చనిపోరు, ఒక మేక తప్ప. ఆ మేక విషయం కూడా సందేహమే."

"మీరు నిమ్మతోట చూడరు కదూ మాస్టారూ?"

"ఛీ ఛీ! నేనా?" అన్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అన్నట్టు ఆ తోటమాలికి నయమవుతోందట" అన్నాడు.

అక్కడ నాకు కాస్త అనుమానం తగిలింది. రెండ్రోజులకి రొట్టెల కొట్లో ఇంకాస్త గట్టిపడింది. కొట్టావిడ రొట్టె కాగితంలో చుడుతూ, "పాపం రఫెత్, ఆ పిల్ల ఎలా ఏడ్చిందో..." అని ఠక్కున ఆగిపోయింది. నా నల్ల తలగుడ్డకేసి చూసింది. "సంతోషంతో ఏడ్చింది. ఆయన పడవెక్కి ఇస్తాంబుల్ వెళ్ళాడుగా, వైద్యానికి" అంది.

"ఇంట్లో మిరపకాయలు ఒలిపిస్తున్నాడని ల్యూబింకా చెప్పిందే?"

"ఒలిపించాకే వెళ్ళాడు."

ఇంటికొచ్చి ల్యూబింకాని నిలదీశాను. "నా చెవిలో పువ్వులు పెడుతున్నారా మీరంతా? ఇస్తాంబుల్ అంటుంది అది, ఇంట్లో అంటావు నువ్వు. అసలు వాడెక్కడున్నాడు?"

"ఇస్తాంబుల్ వెళ్దామని బయల్దేరాడక్కా. బస్సులో డ్రైవరు గేరు మార్చడం చూసి నచ్చక మధ్యలో దిగిపోయాడు. 'వీడు బస్సు నడపట్లేదు, పిండి కలుపుతున్నాడు' అని తిట్టుకుంటూ నడిచి ఇంటికొచ్చేశాడు."

నాకు నవ్వొచ్చింది. పెదవులు కదిలాయి, అంతవరకే. కానీ నవ్వు రాబోయిందన్న సంగతి తెలిసింది, అది కూడా చాలా రోజులకి. అందుకని మరి ఎదురు ప్రశ్న వెయ్యలేదు. బతికున్నాడు కదా, ఎక్కడుంటే నాకేం అనుకున్నాను. అయ్వార్ సీసాలు వంటింటి అలమార నిండా బారుతీరాయి, ఓడిపోయినందుకు గుర్తుగా. వాటిని చూస్తే కాస్త తృప్తిగా ఉండేది. తిహొమిర్ మాట నెగ్గింది.

నలభయ్యో రోజు పొద్దున్న సమాధి దగ్గరికి బయల్దేరే ముందు కూడా ల్యూబింకా కాఫీ తెచ్చింది. తొందర్లో ఉండి రెండు ముక్కలే చెప్పింది. రఫెత్ ఇప్పుడు పూర్తిగా కోలుకున్నాడట. ఎవరూ చెప్పకుండానే లేచి, కోటు తొడుక్కుని, రొట్టె కొనడానికి బజారుకెళ్ళాడట. అక్కడితో ఎపిసోడ్ ఆగిపోయిందట.

సమాధి దగ్గర పాదిరీ ప్రార్థన చదివాడు, ఉడికించిన గోధుమలు అందరం తలా ఒక చెంచా తిన్నాం. స్తామెనా మట్టి మీద పడి ఏడ్చింది. నేను ఆవిడ కోటు మట్టి కాకుండా పట్టుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చి బీన్సూ చేపా తిన్నాం. చావింటి ఆచారం కదా, గ్లాసులు తగిలించుకోకుండా తాగాం. జనం పల్చబడ్డాక స్తామెనా లేచి అద్దాల మీది గుడ్డలు తీసింది, ఆఖరికి టీవీ మీది దుప్పటి తీసి మడత పెట్టింది. దేవుడి పటం ముందు నిలబడ్డట్టు శిలువ గీసుకుని మీట నొక్కింది.

తిహొమిర్ వదిలిపెట్టిన ఛానెలే వచ్చింది. మధ్యాహ్నం కదా, నిన్నటి నిమ్మతోట మళ్ళీ వేస్తున్నారు. ఆ పాట వినపడగానే వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ల్యూబింకా తడి చేతుల్తో పరిగెత్తుకొచ్చింది. "రిమోట్! రిమోట్ ఏదీ?" అంటూ సోఫా దిండ్లన్నీ కిందపడేసింది. స్వెతిస్లావ్ మాస్టారు టీవీకి అడ్డంగా నిలబడి మేక కామెడీ ఇప్పుడే వస్తుందని చెప్పబోయాడు.

"జరగండి మాస్టారూ, కనిపించట్లేదు" అన్నాను.

తెర మీద పెలిన్ ఒక చిన్న నిమ్మమొక్కకి నీళ్ళు పోస్తోంది. మాటలు మొదలయ్యాయి, కింద అక్షరాలు పడ్డాయి, నా గొంతు దానంతట అదే చదవడం మొదలెట్టింది. ఆయన కుర్చీ వైపు కాస్త తిరిగి, ఎప్పుడూ చదివేటంత గట్టిగా చదివాను.

"తాతయ్యా, నువ్వు పోయి నెల దాటింది. చెట్లకి రోజూ నీళ్ళు పోస్తున్నాను. నీలా మాట్లాడటం మాత్రం రావట్లేదు. ఆ రోజు తోటలో ఒక్క నిమిషం ముందు వచ్చుంటే..."

మొక్క పక్కన రాయి కనిపించింది. రాయి మీద పేరుంది.

నేను చదివిందేమిటో చదివాక గానీ నాకు అర్థం కాలేదు. ఆ తోటలోనే పోయాడు. పడిన చోటే. లేవనూ లేదు, సూపూ అడగలేదు.

"ల్యూబింకా" అన్నాను. "ఇటు రా."

వచ్చి నా ఎదురుగా నిలబడింది. చేతుల్లోంచి సబ్బు నురగ తివాచీ మీద కారుతోంది.

"నీళ్ళల్లో కడగొద్దన్నదెవరు?"

"తిహొమిర్ అన్నయ్యే అక్కా. ప్రతి ఏడూ పెరట్లో నాతో అదే గొడవగా."

"బస్సు డ్రైవరుని తిట్టింది?"

"అన్నయ్యే. పోయిన చలికాలం నీష్ వెళ్తుంటే."

"మరి ఎందుకు చెప్పావే ఇదంతా?"

"ఆ రోజు పొద్దున్న రొట్టెకి వెళ్తూ మెట్ల మీద కనిపించాడక్కా. 'మా ఆవిడ నా తోటమాలిని చంపేసింది, సాయంత్రానికి వాడు లేస్తాడు, బస్తాడు మిరపకాయలు దానిచేత ఒలిపిస్తాను' అని నవ్వుకుంటూ దిగాడు. నువ్వు చూస్తే నోరు విప్పవు, ఏడవవు. విప్పి అడిగిన మొదటి మాట అది. పోయాడని ఎలా చెప్పమంటావు?" అంది ల్యూబింకా. ఆమె ఏడుస్తోంది.

"నీకూ తెలుసా వదినా?" అని స్తామెనాని అడిగాను.

"రొట్టెల కొట్టుదాని నోరు మూయించింది ఎవరనుకున్నావు?" అంది ఆవిడ, దుప్పటి మడత మీద చెయ్యి రాస్తూ.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి అలమార తెరిచాను. సీసాలు అన్నీ బారుగా ఉన్నాయి. నా వేళ్ళ మీద బొబ్బలు మానిన చోట కొత్త చర్మం ఇంకా గులాబీ రంగులోనే ఉంది. పందెం నేను గెలిచాను. బస్తా మొత్తం ఆయన ఒలవాలి. ఒంటరిగా ఒలవాలి, అదీ మాట.

"గెలిచింది నేను!" అని అరిచాను. "నువ్వు ఒలవాలిరా ముసలోడా! నా చేత చేయించి హాయిగా పడుకున్నావా? రా! వచ్చి ఒలువు!"

అప్పుడొచ్చింది ఏడుపు. అలమార తలుపు పట్టుకుని ఏడ్చాను, తర్వాత నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన లేడు. ఒలవడానికి లేడు, ఎగ్గొట్టడానికి లేడు, నేను చదువుతుంటే వినడానికి లేడు. ఇన్నాళ్ళూ ఏడవమని చంపిన స్తామెనా వచ్చి నా పక్కన చతికిలబడింది. మాస్టారు టీవీ ఆపేసి తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళిపోయాడు.

చాలాసేపయ్యాక ల్యూబింకా కాఫీ పెట్టి తెచ్చింది. ముగ్గురం వంటింటి నేల మీదే తాగాం. కాఫీ వేడిగా ఉంది, నాలుక కాలింది, కాలినట్టు తెలిసింది.

"రేపు పొద్దున్న వస్తావుగా?" అన్నాను.

"వస్తానక్కా. కానీ ఏం చెప్పను? అంతా చూసేశావుగా."

"పొద్దున్న మధ్యలో ఆపేసి పోయావు. రొట్టె కోసం బజారుకెళ్ళాడన్నావు. తెచ్చాడా?"

ల్యూబింకా స్తామెనాకేసి చూసింది. స్తామెనా తలూపింది.

"తెచ్చాడు" అంది ల్యూబింకా.

"గుమ్మంలో కూర్చున్నాడా?"

"కూర్చున్నాడు."

"బూట్లు విప్పుకున్నాడా?"

"విప్పుకున్నాడక్కా. రెండూ విప్పుకున్నాడు. రొట్టె బల్ల మీద పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చుని, నిన్నటిదేంటో చదివి వినిపించమన్నాడు."